లేని పెళ్ళికి ఇచ్చిన తాంబూలం

శుక్రవారం పొద్దున ఆరు కాకముందే విశాఖపట్నం స్టేషన్లో పలాస ప్యాసింజరు ఎక్కాను. విజయనగరానికి టికెట్టు రెండు టీల ఖరీదు. కిటికీ పక్కన సీటు దొరికింది కాబట్టి ప్రయాణం బాగానే మొదలైందని చెప్పాలి. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసే మనిషిని. పుస్తకాలు తిరిగి ఇవ్వని పిల్లల వెంటపడటం తప్ప వ్యాపారం సంగతి నాకు తెలియదు. అలాంటిది రెండు రోజులు సెలవు పెట్టి, ఆదివారం కలుపుకుని, పెళ్ళిళ్ళవాళ్ళనీ సన్నాయి మేళాలవాళ్ళనీ పలకరించడానికి బయల్దేరాను.

దీనికి కారణం లావణ్య. మా తమ్ముడు శ్రీను భార్య. మొబైల్ యాప్‌లు తయారుచేయడం ఆమె పని. హైదరాబాదులో ఒక కంపెనీ ఆమెకు మంచి ఉద్యోగం ఇచ్చింది. సోమవారంలోగా జవాబు చెప్పమంది. చేరితే ఆమె అక్కడ, మూడేళ్ళ పాప ఇక్కడ. శ్రీను ఉద్యోగం విశాఖ వదిలి కదిలేది కాదు. పాపను నేనూ అమ్మా చూసుకుంటామని అంటూనే ఉన్నాం. లావణ్య సరేనంటూనే రాత్రుళ్ళు పాపను ఒళ్ళోంచి దించడం మానేసింది. ఉద్యోగం వద్దనాలంటే చేతిలో సొంత పని ఒకటి ఉండాలి. ఆ సొంత పని ఆలోచన నాదే.

మా లైబ్రరీలో పనిచేసే ఆవిడ గృహప్రవేశానికి సన్నాయి మేళం కోసం ఎంతమందిని అడిగినా దొరకలేదు. ఫోన్లో నొక్కితే కారు వస్తోంది, మేళం ఎందుకు రాదు అన్నాను. లావణ్య ఆ మాట పట్టుకుంది. ఊరూ తేదీ కొడితే ఆ రోజు ఖాళీగా ఉన్న మేళాలు కనిపించాలి, అక్కడికక్కడే కుదుర్చుకోవాలి. అంతే యాప్. కానీ వెంటనే తయారుచేయనంది.

"ముందు ఇది నిజంగా ఎవరికైనా కావాలో లేదో కనుక్కోవాలి వదినా. లేకపోతే ఆరు నెలలు కష్టపడి ఇల్లు కట్టినట్టు కట్టి, అందులో మనిద్దరమే తిరుగుతాం."

పాపను వదిలి తను రాలేదు. అదీ కాక కొత్తవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలంటే తనకు చెమటలు పడతాయి. నాకు నోరు ఎక్కువ. అందుకని నేను.

విజయనగరంలో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. స్టేషన్ ఎదురుగా సందులో ఇడ్లీ బాగుంది, అల్లం పచ్చడి ఇంకా బాగుంది. మీలో ఎవరైనా అటు వెళితే ఎనిమిది లోపే వెళ్ళండి. తరువాత చట్నీలో నీళ్ళు పెరుగుతాయి. మధ్యాహ్నం దాకా ఒక కళ్యాణ మండపం మేనేజరునీ, పెళ్ళి వంటలు చేయించే ఒకాయననీ, కూతురి పెళ్ళి పెట్టుకున్న ఒక సంగీతం మాస్టారి ఇంటినీ చూశాను. యాప్ సంగతి చెప్పగానే అందరి మాటా ఒకటే. "బాగుందండీ, తప్పకుండా పెట్టండి."

మాస్టారి భార్య కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. లోపలి గదిలో ఇద్దరు పిల్లలు సరళీ స్వరాలు సాధన చేస్తున్నారు.

"మరి మీ అమ్మాయి పెళ్ళికి మేళం ఎలా కుదిర్చారండీ?" అని అడిగాను.

"మా బావగారు వెళ్ళి తాంబూలం ఇచ్చొచ్చారమ్మా."

"యాప్ ఉంటే ఆయన్ని పంపక్కర్లేదు కదా?"

"అవునవును, మంచి ఆలోచన. ఇంకొంచెం కాఫీ పోసుకుంటారా?"

వంటలాయన ఇంకో అడుగు ముందుకేసి ఒక పేరు కూడా చెప్పాడు. నౌపడ దగ్గర ఒక ఊళ్ళో అప్పలస్వామి అని సన్నాయి విద్వాంసుడున్నాడట. శ్రీకాకుళం జిల్లాలో పెళ్ళంటే ముందు ఆయన ఇంటికే వెళతారట. ఆయన గనక యాప్‌లోకి వస్తే మిగతా మేళాలన్నీ వెనకే వస్తాయన్నాడు.

నేను ఉప్పొంగిపోయి లావణ్యకు ఫోన్ చేశాను. అడిగినవాళ్ళందరూ ఔనన్నారని చెప్పాను. అటువైపు ఉత్సాహం లేదు.

"ఇంటికొచ్చిన మనిషి మొహం మీద బాగోలేదని ఎవరంటారు వదినా? వాళ్ళు కాఫీ ఇచ్చినట్టే ఔననీ ఇచ్చారు. మాటలు కాదు, చేతలు చూడు. ఎవరైనా ఒక్క బుకింగ్ నిజంగా ఒప్పుకుంటే, అప్పుడు నమ్ముదాం."

పిల్ల చెప్పింది నిజమే. కానీ పొద్దున్నుంచి ఎండలో తిరిగిన మనిషికి నిజం అంత రుచించదు. మూతి ముడుచుకుని భోజనానికి వెళ్ళాను. మధ్యాహ్నం బండిలో శ్రీకాకుళం రోడ్డు చేరాను. పేరు శ్రీకాకుళం రోడ్డే గాని స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఊళ్ళోకి ఆటోలో పోవాలి. అయిదుగురు పట్టే ఆటోలో తొమ్మిదిమందిమి కూర్చున్నాం. బస్సుల కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో గది ఏడొందలు. శుభ్రంగానే ఉంది. ఫ్యాను మాత్రం తిరిగినంతసేపూ ఎవరిమీదో చాడీలు చెబుతున్నట్టు గొణిగింది.

శనివారం పొద్దున మళ్ళీ ఆమదాలవలస వచ్చి, నౌపడకు టికెట్టు తీసుకుని ప్యాసింజరు ఎక్కాను. నా పక్కన మునక్కాడల కట్టతో ఒకావిడ కూర్చుంది. తిలారు దాటే లోపల నా కథంతా రాబట్టేసింది. యాప్ గురించి విని నవ్వు ఆపుకోలేకపోయింది.

"ముహూర్తం రోజు కాళీగున్న మేళమేటుంటాదమ్మా? ఉన్నాదంటే ఆల్లకి వాయించడం రాదన్న మాటే!"

డబ్బాలో అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నానే గాని ఆ మాట బుర్రకెక్కించుకోలేదు. అప్పుడే ఎక్కించుకుని ఉంటే ఆ బండిలోనే వెనక్కి తిరిగి వచ్చేదాన్ని.

నౌపడలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారికి రెండు పక్కలా ఉప్పు మడులు. ఎండకు కళ్ళు తెరవడానికి లేదు. అప్పలస్వామి ఇల్లు అడగ్గానే చూపించారు. రేకుల వరండా. గోడకు డోలు వేలాడుతోంది. ఆయనకు అరవై దాటి ఉంటాయి. బుగ్గలు సన్నాయి ఊది ఊది కొంచెం వదులుగా ఉన్నాయి. భార్య పార్వతమ్మ చాప వేసింది.

యాప్ సంగతి చెప్పాను. "బాగున్నాదమ్మా," అన్నాడాయన. ఇక ఆ మాటకు మోసపోదలచుకోలేదు నేను. చేతలు చూడాలి కదా. నా ఫోను తీసి, వచ్చే నెల ముహూర్తాల్లో అన్నిటికన్నా పెద్ద రోజు చెప్పి, ఆ రోజు విశాఖపట్నంలో పెళ్ళి ఉందని, ఫోన్లోనే కుదుర్చుకుంటారా అని అడిగాను. పెళ్ళి ఎవరిదని అడిగితే మేనకోడలిదన్నాను. వరసకు మేనకోడలు ఉంది కూడా. దానికి మూడేళ్ళు.

"ఫోనెందుకమ్మా, మనిసివి ఎదురుగున్నావు కదేటి," అన్నాడు.

పార్వతమ్మ లోపలికి వెళ్ళి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు తెచ్చి నా ముందు పెట్టింది. తాంబూలం నేను తెచ్చుకోవలసింది, పట్నం మనిషిని కదా తెలీదేమోనని ఆవిడే సర్దుకుంది. నేను అయిదొందల నోటు పెట్టి రెండు చేతులతో అందించాను. ఆయన కళ్ళకద్దుకుని తీసుకుని గూట్లో దేవుడి పటం దగ్గర పెట్టాడు.

"నలుగురం వస్తాం. రెండు సన్నాయిలు, డోలు, తాళం. ముందురోజు రాత్రికే వచ్చీమంటే వచ్చేస్తాం. మరింక ఎవులొచ్చినా నేదు."

నా ఆనందం ఏం చెప్పను! లేని పెళ్ళి అయితేనేం, మొట్టమొదటి బుకింగ్. నాలుగు రోజులాగి ఫోన్ చేసి, పెళ్ళి వాయిదా పడిందని చెప్పి, ఆ అయిదొందలు ఉంచుకోమంటే సరిపోతుందనుకున్నాను. నౌపడ స్టేషన్లో ముంత మసాలా తింటూ లావణ్యకు సందేశం పెట్టాను. ఈసారి తనే ఫోన్ చేసింది. గొంతులో నవ్వు.

"హైదరాబాదు వాళ్ళకి వద్దని మెయిల్ రాసి ఉంచేశాను వదినా. రేపు నువ్వు ఇంటికి రాగానే పంపిస్తాను."

వెనకనుంచి పాప ఏదో పాడుతోంది. ఆ సాయంత్రం శ్రీకాకుళం హోటల్లో భోజనం చేసి పైన మిఠాయి కూడా తిన్నాను.

ఆదివారం కళింగపట్నం. మేళాలవాళ్ళు ఒప్పుకున్నారు సరే, పెళ్ళివాళ్ళ అవసరం కూడా చూడాలి కదా. లాడ్జి కింద టీ కొట్టాయన చుట్టాలింట్లో అదే ముహూర్తానికి పెళ్ళి ఉందని చెప్పాడు. పొద్దున బస్సులో కూర్చుంటే గంట పైచిలుకు ప్రయాణం. దిగేముందే చేపల వాసన పలకరించింది. పెళ్ళికూతురి తల్లి నూకాలమ్మ ఇసుకలో వల పరిచి దానిమీద కవ్వళ్ళనే చిన్న చేపలు ఎండబెడుతోంది. నాకు ఒక బోర్లించిన గంప చూపించి కూర్చోమని, టీ తెప్పించి ఇచ్చింది.

"మేళం దొరికిందా అమ్మా?" అన్నాను.

"ఎక్కడ దొరికినాదమ్మా! మా మావ, అదే మా మావగారు, సన్నాయి నేకపోతే పెళ్ళి పందిట్లోకి రానని కూకున్నాడు. అప్పలస్వామి మేళమే కావాలన్నాడు. నిన్న సాయంత్రం మా ఆయనా మరిదీ ఆడికే ఎల్లినారు. పొద్దున్నే ఎవులో విశాపట్నం మనిసి తాంబూలమిచ్చి ఎలిపోయిందట. రెట్టింపిస్తామన్నా కాదన్నాడట. తాంబూలం పుచ్చుకున్నాక దేవుడొచ్చినా కాదంటాడు."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. అది ఎక్కడ పెట్టానో తెలియదు.

"ఆ విశాఖపట్నం మనిషిని నేనే," అన్నాను.

ఆవిడ చేపలు తిరగేయడం ఆపింది. "ఓలమ్మ! పెళ్ళెవులిది?"

"ఎవరిదీ కాదు. ఒప్పుకుంటారో లేదో చూద్దామని ఇచ్చాను. మీరు మళ్ళీ వెళ్ళండి, నేనే ఆయనకు ఫోన్ చేసి పెళ్ళి లేదని చెబుతాను. మీ ఇంటికి వస్తాడు."

"రాత్రే బేండు మేళమోళ్ళకి తాంబూలమిచ్చీసినాం కదమ్మా. ఇచ్చినది ఎనక్కి తెమ్మంటావేటి? ఆల్లూ ఇంకెవుల్నో కాదనే కదా పుచ్చుకున్నారు." కాసేపు నన్నే చూసింది. "నీకింక పనేటీ నేదేటమ్మా?" అంది.

కోపంగా కూడా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. వెళ్ళొస్తానని లేస్తుంటే, వీధి అరుగు మీద ముసలాయన ఒకడు సముద్రం వైపు తిరిగి బిగుసుకుని కూర్చుని కనిపించాడు. మావగారు ఆయనే కాబోలు. పలకరించే ధైర్యం చాలలేదు.

శ్రీకాకుళం తిరిగొచ్చి, విశాఖ బస్సు కోసం కాంప్లెక్స్‌లో నిలబడి చాలాసేపు ఆలోచించాను. ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చు. ఇంటికి వెళ్ళి, బుకింగ్ వచ్చిందన్న మాట అలాగే ఉంచి, లావణ్య మెయిల్ పంపేదాకా ఊరుకోనూవచ్చు. పాప తల్లి దగ్గరే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. నౌపడ వైపు పోయే టెక్కలి బస్సు ఎక్కేశాను. అక్కడినుంచి ఆటో. మధ్యాహ్నం భోజనం లేదు, తినబుద్ధీ కాలేదు.

అప్పలస్వామి వరండాలోనే ఉన్నాడు. చాప మీద కూర్చోకుండానే చెప్పేశాను. పెళ్ళి లేదు, పరీక్షించడానికి ఇచ్చాను, తప్పయిపోయింది. ఆయన గూట్లోని తాంబూలం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మరెందుకిచ్చినావమ్మా?" అన్నాడు.

ఆ రోజు కూలి మొత్తం నేనిస్తానన్నాను.

"ఇయ్యి, ఒద్దని నానెందుకంటాను? నలుగురి కడుపులు," అన్నాడు. కానీ పార్వతమ్మ గుమ్మం దాటి వచ్చేసింది.

"డబ్బులు సరే! అంత పెద్ద ముహూర్తం రోజున ఈ డోలు గోడకి ఏలాడతంటే సూసినోళ్ళు ఏటనుకుంటారు? అప్పలస్వామికి ఊపిరైపోనాది, ఎవులూ పిలవలేదనుకుంటారు. ఆ మాట ఒక్కపాలి పుట్టినాదంటే మరుసటేడు మా గుమ్మంలోకి ఎవులొస్తారు? నీ డబ్బులు ఆ మాట ఆపుతాయేటి?"

"నేనిప్పుడేం చెయ్యాలమ్మా?"

"ఈయన వాయించాల. ఎక్కడోకాడ వాయించాల. తాంబూలమిచ్చినదానివి, నువ్వే సూడు."

అలాగే చూస్తానని మాటిచ్చి వచ్చాను. ఎలా చూడాలో మాత్రం తెలియదు.

సాయంత్రం నౌపడలో విశాఖ ప్యాసింజరు ఎక్కాను. ఆదివారం రద్దీ. కోటబొమ్మాళి దాకా నిలబడి, ఆ తరువాత సగం సీటు సంపాదించాను. సిగ్గు విడిచి డబ్బాలో వాళ్ళందర్నీ అడిగాను, ఫలానా రోజు మీ ఎరుకలో మేళం కుదరని పెళ్ళి ఏదైనా ఉందా అని. పెళ్ళిళ్ళు బోలెడున్నాయి. అందరికీ ఏదో ఒక మేళం కుదిరిపోయింది.

"ఇంకా కుదరకపోతే అది పెళ్ళేటమ్మా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన.

పొందూరు దాటాక లావణ్యకు ఫోన్ చేశాను.

"ఆ మెయిల్ పంపకు," అన్నాను.

జరిగిందంతా చెప్పాను. పెద్ద ముహూర్తం రోజున మంచి మేళం ఒక్కటీ ఖాళీగా ఉండదని, ఖాళీగా ఉన్న రోజుల్లో పెళ్ళిళ్ళే ఉండవని, ఇక మన యాప్‌లో చూపించేది ఏమిటని అడిగాను. వాళ్ళు తాంబూలం ఇవ్వడానికి అంత దూరం పోతున్నది దారి తెలియక కాదని, మనిషిని చూసి మాట తీసుకోవడానికని కూడా అన్నాను. మూడు రోజులూ అందరూ బాగుందన్న ఆలోచన ఒక్కరికీ అక్కర్లేదు.

అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

"అయితే పాప?" అంది లావణ్య, చాలా చిన్న గొంతుతో.

"ఉద్యోగంలో చేరమ్మా," అన్నాను. అని ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ ఏమీ అడక్కుండా నాకు కొంచెం చోటిచ్చింది.

చీపురుపల్లి పోయింది, గరివిడి పోయింది. విజయనగరంలో బండి ఎందుకో ఆగిపోయి ఎంతకీ కదల్లేదు. టీ తీసుకుని ఊదుకుంటుంటే ఫోన్ మోగింది. లావణ్య.

"వదినా, ఆ రోజు పొద్దున అక్షరాభ్యాసానికి బాగుంటుందట. అత్తయ్య పంచాంగం చూశారు. పాపకి మూడేళ్ళు నిండాయి కదా." అంది. "చేరేముందే ఆ రోజుకి సెలవు కావాలని హైదరాబాదు వాళ్ళకి రాస్తాను. మొదటి అక్షరం నేనే దిద్దించాలి. మేళం పిలుద్దామా?"

అప్పటికప్పుడే అప్పలస్వామికి ఫోన్ కలిపాను. విన్నాడు. వెంటనే ఒప్పుకోలేదు.

"ఈపాలి నిజంగా పాప ఉన్నాదేటమ్మా?" అన్నాడు.

"ఉంది."

"నువ్వు ఉన్నాదనే అంటావు. నిన్న పెళ్ళీ ఉన్నాదన్నావు. ఆ పాప చేత ఓపాలి మాటాడించు, ఇంటాను."

న్యాయమే. నాలుగు ఊళ్ళు తిరిగి నేను చేయలేకపోయిన పరీక్ష ఆయన ఒక్క మాటతో చేస్తున్నాడు. లావణ్యను కూడా లైన్లోకి తెచ్చాను. పాపకు ఫోన్ ఇచ్చిన చప్పుడు, దాని ఊపిరి, అవతల అప్పలస్వామి దగ్గు, అన్నీ వినిపిస్తున్నాయి. మనం మాటలు అడుగుతూ తిరిగినంతకాలం మాటలే దొరుకుతాయి. ఎవరికో నిజంగా కష్టం కలిగినప్పుడు గాని నిజం బయటకు రాలేదు. ఆ కష్టం నా చేతులతో నేనే తెచ్చాను, ఆ సంగతి మాత్రం ఈ ప్రయాణం గురించి ఎవరడిగినా దాచను.

బండి కదిలింది. పాప గొంతు సవరించుకుంది.

"తాతా, నీ దగ్గర పెద్ద పీపీ ఉందా?"

"ఉన్నాది తల్లీ," అన్నాడాయన. "మీ యమ్మ నీ చెయ్యి పట్టుకుని రాయించినంతసేపూ ఊదుతానే ఉంటాను. నువ్వు మెల్లగా రాయి."

ఫోన్ ఎవరూ పెట్టేయలేదు.